డబ్బాకెత్తిన సంక్రాంతి

సంక్రాంతి పిండివంటలు పండగ మూడు రోజుల కోసమే చేసేవి కావు. అరిసెలు, సకినాలు, జంతికలు, చెక్కలు, కజ్జికాయలు, సున్నుండలు... ఇవన్నీ పండగకు వారం పది రోజుల ముందే మొదలై, పండగ వెళ్లిన రెండు మూడు వారాల దాకా డబ్బాల్లో నిలవుంటాయి. చుట్టాలకు పంచడానికి, ఆడపిల్లకు సారె పెట్టడానికి, బడికి వెళ్లే పిల్లల జేబులు నింపడానికి, తిరుగు ప్రయాణంలో సంచుల్లో సర్దడానికి పనికొచ్చే తిండి ఇది. సొంత ఊరికి దూరమైన తెలుగువాళ్లకు పండగ అనగానే ముందుగా నోరూరేది వీటికే. అయినా వాళ్లకు అందకుండా పోయేవి ఇవి కావు. ఇవి సముద్రాలు దాటి వెళ్తాయి. అందనివి వేరే ఉన్నాయి. అవేమిటో తేలాలంటే ముందు ఈ పండగ ఎప్పుడొస్తుందో, ఈ వంట ఎలా సాగుతుందో చూడాలి.

తెలుగువారి పండగల్లో చాలావరకు చాంద్రమానాన్ని బట్టి వస్తాయి. ఉగాది ఒక ఏడు మార్చిలో వస్తే ఇంకో ఏడు ఏప్రిల్‌లో వస్తుంది. దసరా, దీపావళి కూడా అంతే. సంక్రాంతి మాత్రం సూర్యుడు మకర రాశిలో ప్రవేశించే రోజు కాబట్టి ఏటా జనవరి 14నో, 15నో పడుతుంది. వలస వెళ్లినవారికి ఇదో పెద్ద వెసులుబాటు. పంచాంగం చూడకుండానే వచ్చే ఏటి పండగ తేదీ తెలిసిపోతుంది, సెలవూ టికెట్టూ ముందే చూసుకోవచ్చు. రైల్వే ముందస్తు రిజర్వేషన్ గడువు 120 రోజులు ఉన్నంతకాలం, భోగికి ఇల్లు చేరాలనుకున్నవారి హడావిడి సెప్టెంబరు నడుమనే మొదలయ్యేది. 2024 నవంబరు 1 నుంచి ఆ గడువు 60 రోజులకు తగ్గింది, హడావిడి కూడా నవంబరు నడుమకు జరిగింది. తెరిచిన కాసేపటికే బెర్తులన్నీ అయిపోవడం మాత్రం మారలేదు. టికెట్ దొరకనివారికి ప్రత్యేక రైళ్లు, ఆర్టీసీ అదనపు బస్సులు ఉంటాయి. మిగిలినవారు సొంత కార్లలో బయలుదేరతారు. భోగి ముందు రోజు హైదరాబాద్–విజయవాడ రహదారి మీద పంతంగి టోల్‌ప్లాజా దగ్గర బారులు తీరిన కార్ల ఫొటో లేకుండా తెలుగు పత్రికలకు పండగ రాదు.

ఊళ్లో పండగ అంతకు నెల ముందే, డిసెంబరు నడుమ ధనుర్మాసంతో మొదలవుతుంది. నెలగంట పెట్టారని కోస్తా పల్లెల్లో అంటారు. అప్పటి నుంచి వాకిళ్లలో ముగ్గులు, గొబ్బెమ్మలు, తెల్లవారుజామున హరిదాసులు, పొద్దెక్కాక గంగిరెద్దులవాళ్లు. అప్పటికి సార్వా వరి కోతలు ముగిసి ధాన్యం ఇంటికి వస్తుంది. చెరకు గానుగలు ఆడుతూ ఉంటాయి, అనకాపల్లి లాంటి బెల్లం మార్కెట్లకు కొత్త బెల్లం చేరుతుంది. బియ్యం, బెల్లం, నువ్వులు, నెయ్యి. సంక్రాంతి వంట దాదాపుగా ఈ నాలుగింటి చుట్టూనే తిరుగుతుంది. వీటిలో బయటి నుంచి కొనుక్కురావాల్సింది సేద్యం ఉన్న ఇంటికి పెద్దగా ఉండేది కాదు.

అరిసెలకు కొత్త బియ్యమే వాడాలన్న మాట ప్రతిచోటా వినిపిస్తుంది. చెయ్యి తిరిగినవారు చాలామంది మాత్రం దొడ్డు బియ్యమే మేలంటారు, సన్నబియ్యం పనికిరావంటారు. ఈ వాదం ఇప్పట్లో తేలేది కాదు. పొంగలి విషయంలో ఆ వాదమే లేదు. కొత్త బియ్యంతో వండిన అన్నం ముద్దయిపోతుంది. మామూలు రోజుల్లో అది లోపం, పొంగలిలో అదే గుణం.

అరిసెల పని బియ్యం నానబోయడంతో మొదలవుతుంది. ఒక రోజంతా నానాలి, మధ్యలో నీళ్లు మార్చాలి, లేకపోతే పులిసిన వాసన వస్తుంది. తర్వాత వడకట్టి, తడి ఆరకముందే దంచాలి. రోళ్లూ రోకళ్లూ నడిచిన రోజుల్లో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు రోటి చుట్టూ నిలబడి వంతులవారీగా పోటు వేసేవారు. ఒకరు పక్కన కూర్చుని జల్లించేవారు. జల్లెట్లో మిగిలిన నూక మళ్లీ రోట్లోకి వెళ్లేది. జల్లించిన పిండిని గిన్నెలో చేత్తో అదిమి, పైన తడిగుడ్డ కప్పేవారు. ఆ తడి పోతే అరిసె పోయినట్టే. ఆరిన పిండి పాకాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది, అరిసె గట్టిపడి అంచుల్లో పగుళ్లిస్తుంది. రోళ్ల స్థానంలో మరలు వచ్చాక కూడా ఈ నియమం మారలేదు. పండగ ముందు వారంలో పిండిమర దగ్గర తడిపిండికి వేరే వరస ఉంటుంది, మర రాత్రి పొద్దుపోయే దాకా ఆడుతుంది. అంతకుముందే కారం పట్టిన మరలో తమ బియ్యం పోయవద్దని అక్కడ జరిగే తగాదా కూడా పండగలో భాగమే.

అసలు పరీక్ష పాకం దగ్గర. సాధారణంగా కిలో బియ్యానికి ముప్పావుకిలో బెల్లం అటూ ఇటూగా పడుతుంది. బెల్లాన్ని కొద్ది నీళ్లలో కరిగించి, ఇసుకా పిప్పీ లేకుండా వడకట్టి, మళ్లీ పొయ్యి మీద పెడతారు. పక్కన పళ్లెంలో చల్లటి నీళ్లుంటాయి. మరుగుతున్న పాకం చుక్క ఆ నీళ్లలో వేసి వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ కట్టాలి. ఉండ కట్టకుండా కరిగిపోతే పాకం ఇంకా లేత, అలాంటి పాకంతో చేసిన అరిసె నూనెలో వేయగానే విచ్చిపోతుంది. ఉండ పళ్లేనికి కొడితే చప్పుడు చేసిందంటే పాకం ముదిరింది, ఆ అరిసె మర్నాటికి పళ్లకు పని పెడుతుంది. ఈ రెండింటి మధ్య దొరికే సమయం ఎంతో ఉండదు. తూకాలు ఎన్ని రాసుకున్నా, వీడియోలు ఎన్ని చూసినా, ఈ క్షణం గుర్తుపట్టడం పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిందే. మెత్తగా తినే ఇళ్లవారు కాస్త ముందుగా, గట్టిగా ఇష్టపడేవారు కాస్త ఆగి దించుతారు. పక్కపక్క ఇళ్ల అరిసెలు కూడా ఒకేలా ఉండకపోవడానికి కారణం ఇదే.

పాకం దించగానే నువ్వులు, యాలకుల పొడి, నెయ్యి వేసి, పిండి కొద్దికొద్దిగా పోస్తూ తెడ్డుతో ఆపకుండా కలపాలి. ఒకరు పోయాలి, ఒకరు కలపాలి, వీలైతే మూడో మనిషి గిన్నె కదలకుండా పట్టుకోవాలి. ఇక్కడ ఒంటి చెయ్యి చాలదు. కలిపింది చలిమిడి అవుతుంది. పిల్లలు అంతసేపూ పొయ్యి చుట్టూ తిరిగేది దానికోసమే. మొదటి వాయి దేవుడికి, కానీ అంతకంటే ముందే తలా ఒక వేడి చలిమిడి ముద్ద చేతిలో పడుతుంది. తర్వాత అరటాకు మీద, ఇప్పుడైతే నూనె రాసిన ప్లాస్టిక్ కవరు మీద, ఉండను వేళ్లతో గుండ్రంగా తట్టి నూనెలోకి జార్చుతారు. పొంగి పైకి తేలి ఎర్రబడ్డాక తీసి, రెండు చెక్కల మధ్యనో రెండు చట్రాల మధ్యనో పెట్టి నూనె కారిపోయేలా గట్టిగా నొక్కుతారు. తట్టేవారొకరు, వేయించేవారొకరు, నొక్కేవారొకరు, ఆరబెట్టేవారొకరు. ఏ ఇంట్లోనూ ఇంతమంది ఉండరు కాబట్టి ఇరుగుపొరుగు వస్తారు. ఈరోజు వీళ్లింట్లో, రేపు వాళ్లింట్లో. కూలీ లెక్కలు ఉండవు, కానీ ఎవరు ఎవరింటికి వెళ్లారో, ఎవరు వస్తామని రాలేదో అందరికీ గుర్తుంటుంది.

తెలంగాణలో, ముఖ్యంగా కరీంనగర్, వరంగల్ వైపు, ఇదే స్థానం సకినాలది. బియ్యాన్ని కొన్ని గంటలు నానబెట్టి, వడకట్టి, తడిపిండి పట్టిస్తారు. కిలోకి దాదాపు పావుకిలో నువ్వులు, వాము, ఉప్పు వేసి నీళ్లతో కలుపుతారు. పిండి వేళ్ల మధ్య నుంచి తెగకుండా సాగాలి, అలాగని జారిపోకూడదు. నేల మీద ఉతికిన తెల్లటి బట్ట పరిచి, చుట్టూ కూర్చుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండిని మెలితిప్పుతూ మూడు నాలుగు చుట్లు చుడతారు. కొన్ని ఇళ్లలో ముందు ఆ పిండితోనే గౌరమ్మను చేసి పెట్టి, ఆ తర్వాతే మొదటి సకినం చుడతారు. చుట్టినవాటిని బట్ట మీదే కాసేపు ఉంచితే తడి బట్టలోకి పోతుంది, అప్పుడే సకినం విరగకుండా చేతికి వస్తుంది. పలచటి పళ్లెంతోనో అట్టముక్కతోనో ఎత్తి నూనెలో వేస్తారు. అరిసెలో కష్టమంతా పాకానిదైతే సకినంలో కష్టమంతా చేతివేళ్లది. కొత్తగా నేర్చుకునే కోడలి సకినం వంకర బట్ట మీద అందరికీ కనిపిస్తుంది, దాని మీద రెండు మాటలు పడకుండా ఆ రోజు గడవదు. పెళ్లయిన ఆడపిల్ల అత్తవారింటికి గంపలతో వెళ్లేవి కూడా ఈ సకినాలే. గంప తెరిచి లెక్కబెట్టే అత్తలు కథల్లోనే ఉండేవారు కారు.

పేర్లు ప్రాంతాన్ని బట్టి మారతాయి. కోస్తాలో కజ్జికాయలన్నవి తెలంగాణలో గరిజెలు. పిండివంటలన్నిటినీ కలిపి అక్కడ అప్పాలంటారు. అరిసె ఒక్క తెలుగువారిదే కూడా కాదు. తమిళనాట అదిరసం, కర్ణాటకలో కజ్జాయ, ఒడిశాలో అరిసా పీఠా, మహారాష్ట్రలో అనారసె ఇదే కుటుంబానివి.

ఇవన్నీ ప్రయాణం చేసే వంటలు. పండగ రోజుల్లో వండే రెండో రకం వంట ఇల్లు కదలదు. భోగి నాడు కర్నూలు, పాలమూరు వైపు నువ్వులద్దిన సజ్జరొట్టె, చిక్కుడుకాయ కలిసిన కలగూర. సంక్రాంతి నాడు కొత్త బియ్యం, పెసరపప్పు, పాలు, బెల్లంతో పొంగలి. చాలా పల్లెల్లో దాన్ని వాకిట్లో పిడకల మంట మీద వండుతారు, పాలు పొంగి గిన్నె అంచు దాటితే శుభం. అదే రోజు పెద్దలకు పెట్టుకోవడం ఉంటుంది. గతించినవారి పేరు తలచి, వాళ్లకు ఇష్టమైనవి వండి, కొత్త బట్టలు పెట్టి దణ్ణం పెట్టాకే ఇంట్లోవాళ్లు తింటారు. కనుమ నాడు మినుము తినాలన్న సామెత ప్రకారం గారెలు, వాటితో నాటుకోడి పులుసు. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, ప్రయాణం పెట్టుకోకూడదని దాని భావం. సెలవు అయిపోయిన ఉద్యోగులు ఆ సామెతను ఏటా అదే రోజు రాత్రి బస్సులో మీరుతూ ఉంటారు.

దూరాన ఉన్నవారికి నిజంగా అందనివి ఇవి. పిడకల పొగ పట్టిన పొంగలిని డబ్బాలో పెట్టి పంపలేరు. నూనెలోంచి తీసిన అయిదు నిమిషాలకు గారె గారెగా ఉండదు. వేడి చలిమిడి ముద్ద ఎవరికీ పార్సిల్‌లో వెళ్లదు. వాసనకు జ్ఞాపకాన్ని లేపే బలం ఎక్కువ. ముక్కు నుంచి వచ్చే సంకేతాలు మెదడులో భావోద్వేగాలనూ జ్ఞాపకాలనూ చూసే భాగాలకు దగ్గరి దారిలో చేరతాయి. బెల్లం పాకం మరిగే వాసనకు ఎక్కడో అపార్ట్‌మెంటు మెట్ల మీద ఒక మనిషి ఆగిపోవడానికి కారణం ఇదే. కానీ ఆ వాసన వండేచోటే ఉంటుంది, వండిన వస్తువుతో పాటు పూర్తిగా రాదు.

పండగ బెంగ గురించి ఒక మాట చెప్పుకోవాలి. దీన్ని చెప్పేవారిలో తిన్నవారే ఎక్కువ, వండినవారు తక్కువ. పత్రికల్లో, సినిమాల్లో, పండగ ప్రత్యేక సంచికల్లో కనిపించే సంక్రాంతి ఎక్కువగా వంటింటి గడప ఇవతల నుంచి చూసిన సంక్రాంతి. తెల్లవారుజామున లేచి, రోజంతా నూనె సెగ ముందు కూర్చుని, అందరూ తిన్నాక చల్లారిన అన్నం తిన్న ఇల్లాలి పండగ ఆ జ్ఞాపకాల్లో అంతగా కనిపించదు. ఈ మధ్య గోదావరి జిల్లాల్లో కొత్త అల్లుడి ముందు వందల రకాల వంటకాలు పరిచి ఫొటోలు దించడం వార్తగా మారింది. అతను తినగలిగేది ఏ అయిదారో. మిగిలినవి కెమెరా కోసం. పాత పండగలో ఈ ప్రదర్శన లేదు కానీ, ఆడవాళ్ల మీద పని భారం మాత్రం ఉంది. అందుకే పిండివంటలు కొనుక్కోవడం మొదలైనప్పుడు ఎక్కువగా ఊపిరి పీల్చుకున్నది వాళ్లే. కొన్న అరిసెలు ఇంట్లో చేసినవాటికి సాటిరావని పెదవి విరిచేవారు ఆ పాకం గిన్నె ఒక్కసారైనా కలిపి ఉంటే ఆ మాట అంత సులువుగా అనరు.

ఇప్పుడు ఈ పని చాలావరకు ఇంటి నుంచి కొట్టుకు మారింది. పట్టణాల్లో వీధికొకటి చొప్పున హోమ్‌ఫుడ్స్ దుకాణాలున్నాయి. ఏడాది పొడుగునా సకినాలు, అరిసెలు, గవ్వలు తూకానికి దొరుకుతాయి. లోపల పొయ్యిల ముందు ఉన్నవారు అక్కడా ఎక్కువగా ఆడవాళ్లే, కాకపోతే ఇప్పుడు కూలీ ఉంది. కొన్ని వంటకాలైతే ఊరి పేరుతోనే అమ్ముడవుతాయి. బందరు లడ్డుకు 2017లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పూతరేకుకు బోర్లించిన కుండే పెనం. కింద మంట పెట్టి, పలచటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన బట్టను కుండ మీద ఒక్కసారి లాగితే కాగితం కంటే పలచటి రేకు లేస్తుంది. అది కూడా నిలవుండే తిండే, కాబట్టే దేశాలు తిరుగుతోంది.

తెలుగువారి వలస కొత్తది కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో చెరకు తోటల పనికి మారిషస్ వెళ్లిన తెలుగువారి వారసులు ఈనాటికీ ఉగాది చేసుకుంటారు, ఆ దేశంలో ఆ రోజు ప్రభుత్వ సెలవు. తెలంగాణ నుంచి మగ్గాల పనికి భివండి, సోలాపూర్, సూరత్ వెళ్లిన పద్మశాలి కుటుంబాలు అక్కడే స్థిరపడ్డా ఇంటి వంటా పండగా విడిచిపెట్టలేదు. జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారి సంగతి వేరు. వాళ్లు కుటుంబాలను ఊళ్లోనే ఉంచి ఒంటరిగా వెళ్తారు, పండగకు సెలవుండదు. ఊరి నుంచి ఎవరైనా వస్తున్నారంటే అతని సామానులో మూడు నాలుగు ఇళ్ల సకినాలుంటాయి. గదిలో ఎనిమిది మంది ఉంటే ఎనిమిది మందీ తింటారు, ఎవరింటివన్న ప్రశ్న రాదు. సగం విరిగి చేరినా ఎవరూ పట్టించుకోరు. అమెరికాలో పండగ తేదీని బట్టి కాక శనివారాన్ని బట్టి జరుగుతుంది. ముగ్గుల పోటీలు చలికి హాల్లోకి చేరతాయి. భోగిపళ్లలో రేగుపళ్లకు బదులు ఏది దొరికితే అది పోస్తారు. అక్కడి తెలంగాణవారు ఎక్కువగా తలచుకునేది సంక్రాంతి కంటే పూలు పేర్చే బతుకమ్మ పండగనే. అక్కడ తంగేడూ గునుగూ ఉండవు, దొరికిన పూలతో పేరుస్తారు. సద్దుల పులిహోర, నువ్వుల సద్ది మాత్రం చింతపండూ నువ్వులూ ఉన్నచోటల్లా కుదురుతాయి.

ఇక డబ్బా సర్దే విషయం. పంపేవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. అరిసెలు పూర్తిగా ఆరాక, కనీసం ఒక రాత్రి గడిచాక మాత్రమే డబ్బాకెత్తాలి. వేడి మీద మూత పెడితే ఆవిరి లోపలే నీరై బూజు పడుతుంది. అడుగున కాగితం వేస్తే మిగిలిన నూనె పీల్చుకుంటుంది. అరిసెలు, సకినాలు ఒకే డబ్బాలో పెట్టకూడదు, అరిసెల తడికి సకినం కరకర పోతుంది. సకినాలు నిలువుగా కాక ఒకదాని మీద ఒకటి బోర్లించి, ఖాళీలు మరమరాలతో నింపితే విరగడం తగ్గుతుంది. బరువైన అరిసెల డబ్బా అడుగున, సకినాలది పైన ఉండాలి. విదేశం పంపేటప్పుడు మాంసం పచ్చళ్లు వీటితో కలపవద్దు, అమెరికా కస్టమ్స్ అధికారులు వాటిని తీసి పారేస్తారు. ఆస్ట్రేలియా వెళ్లేవారు తిండి పదార్థాలు ఏవి తీసుకెళ్లినా విమానం దిగేముందు ఇచ్చే కాగితంలో తప్పనిసరిగా రాయాలి, రాయకపోతే జరిమానా పడుతుంది.